గుర్తుకి చోటు ఒగ్గి

గుజరాతీపేటలో పంచర్లేసే ముద్దాడ గవరయ్య
మొదటిసారి వార్డుకి నిలబడినప్పుడు
ఆయన గోడలు నేనే రాశాను.
నిచ్చెన గుర్తు.
నీలం రంగు సగం డబ్బానే కొనగలిగాడు,
ఏడో మెట్టు గీసేసరికి కుంచె ఆరిపోయింది.
"సాల్లే బావూ, ఏడో మెట్టెక్కినోడికి
ఎనిమిదోది ఆడే కనబడతాది" అన్నాడు.
వీధి వీధంతా నవ్వింది.

ఆయన మాటాడేది ఒక్కటే, కాలవ.
మార్కెట్టు వెనక పుట్టి
మా గుమ్మాలన్నీ పలకరించి
ఏట్లో కలిసే కాలవ.
దాన్ని టేపుతో కొలవలేదు.
సైకిల్ చక్రం ఊడదీసి, టైరుకి సుద్దగీత పెట్టి,
దొర్లించుకుంటూ లెక్కెట్టాడు.
కరపత్రంలోనూ అలాగే అచ్చేయించాడు:
నూట నలభై ఆరు చుట్ల కాలవ, దాని మీద పలకలు.
అచ్చాఫీసువాడు రెండుసార్లు అడిగాడట,
చుట్లేనా, అడుగులా అని.

అరవై మూడు వోట్లు. డిపాజిట్టు పోయింది.
మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచి
గెలిచినాయన బండికి గాలి కొట్టాడు.
రూపాయి అడిగి పుచ్చుకున్నాడు.

రెండోసారి ఎవరూ నవ్వలేదు.
ఆ ఏడు నాగావళి పొంగింది,
కాలవ వెనక్కి తిరిగి మంచాల కిందకొచ్చింది.
దమయంతి, అదే వాళ్ళావిడ, చోడంబలి గిన్నెతో
ఇల్లిల్లూ తిరిగింది, వోటు మాట ఎత్తకుండా.
ఈసారి పన్నెండు మెట్లూ గీశాను.
అదే కుంచె కడిగి
ఎదర గోడ మీద మిగతా ఇద్దరి గుర్తులూ గీశాను,
అది నా కూడు.

బళ్ళో లెక్కింపు. దీపాలెట్టే వేళకి తేలింది.
నాలుగు వోట్ల తేడా.

మా ఇంట్లో ఐదు వోట్లు.

ముందు రాత్రి తలుపు కొట్టారు, కవర్లు ఐదు.
మా అయ్య కంటికి ఆపరేషను చేయించాల్సిన నెల అది.
ఆయనకి చూపొచ్చింది.
గవరయ్య నన్నేమీ అడగలేదు.
అడిగుంటే అబద్ధమాడేవాణ్ణి,
అది కూడా దక్కలేదు.

తరవాత వోటు వాళ్ళమ్మ ఊరికి మార్పించుకుని
గార మండలంలో జెడ్పీటీసీకి దిగాడు.
"కాలవ ఈడ మొదలైతే
కలెక్టరాఫీసుకాడ కదా తెగాల" అని ఆయన లెక్క.
ఇక్కడ కత్తెర గుర్తు వచ్చింది.
క్యారేజీకి మైకు కట్టి, సముద్రం గాలికెదురు తొక్కుతూ
పాకపాకకీ పోయాడు.
వలలు బాగుచేసుకుంటున్న ముసలామె తలెత్తి
"కత్తెర్తో వల కోత్తావేటి నాయినా" అంది.
జవాబు దొరక్క తిరిగొచ్చి, రాత్రంతా
ఆ మాటే తలుచుకుని నవ్వాడని దమయంతి చెప్పింది.
నాలుగొందల పన్నెండు వోట్లు
ఆ ఉప్పుగాలిలో ఎవరేశారో ఇప్పటికీ తెలీదు.

ఇంతలో మా పట్టణం నగరమైపోయిందన్నారు.
పన్ను చీటీ మీద పేరు మారింది.
నగరమయ్యాక ఎన్నికలే రాలేదు.
ఏడాదికేడాది ఇదిగో అన్నారు, వార్డుల గీతలు చెరిపి గీశారు,
మా వీధి ఒక నంబరు నించి ఇంకో నంబరుకి దూకింది,
కాలవ మాత్రం రెండు నంబర్లలోంచీ కంపు కొట్టింది.
గవరయ్య వోటు మళ్ళీ ఇటు మార్పించుకున్నాడు.
ఒక మోకాలు వంగదు. దుకాణంలో ఇప్పుడు
సైకిళ్ళ కంటే బ్యాటరీ బళ్ళే ఎక్కువ,
వాటికి ఆయన గాలి మాత్రమే కొట్టగలడు.

మొన్న సున్నం బస్తా వేసుకుని మా ఇంటికొచ్చాడు.
"గోడ రాయాల."
"ఎన్నికలేవీ?"
"వొత్తాయి."
"గుర్తివ్వలేదు కదా ఇంకా."
"పేరు రాసీ. గుర్తుకి చోటొగ్గీ."

రాశాను. పేరు పక్కన
మూరెడు తెల్లచదరం.
సాయంత్రానికి పిల్లలు అందులో
బొగ్గుతో మూడు వికెట్లు గీశారు.
చెరపబోతే ఆయనే ఆపాడు.

కూలెంతని అడిగాడు.
రంగు పాతదే, మిగిలిపోయిందన్నాను.
నా మొహంలోకి కొంచెంసేపు చూసి,
నా బండి ముందు చక్రం నొక్కి చూసి,
అడక్కుండానే
గాలి కొట్టడం మొదలెట్టాడు.