ముక్కల లెక్క

కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో
లెక్కలు రాసే పని నాది.
వేసవిలో ఒక శనివారం
తవిటమ్మ వారమంతా ఒలిచింది యాభై మూడు కిలోలు.
నేను ముప్పై ఐదు వేశాను.

ఆమె అరవలేదు.
బల్ల ముందు నిలబడి
వేళ్ల కణుపుల మీద మళ్లీ లెక్కపెట్టుకుంది,
తప్పు తనదే అయి ఉంటుందని.

జీడి సొన తిన్న వేళ్లు.
కొసల్లో గీతలు లేవు.
రేషన్ షాపు మిషను
మూడుసార్లు అడిగితే గాని గుర్తుపట్టదు వాటిని.

ఆ అంకె వేసినప్పుడు నేనెక్కడున్నాను?
బాగా గుర్తుంది.
ముక్కూ మొహం తెలియని కుర్రాడెవడో
మేకపోతును బైకు ఎక్కించే వీడియోలో ఉన్నాను.

మర్నాటి నుంచి మనసుకి పలుపుతాళ్లు పేనాను.
ఫోను బియ్యం డబ్బాలో దాచి వచ్చాను,
పొద్దస్తమానం బియ్యం డబ్బానే తలుచుకున్నాను.
ఊపిరి లెక్కపెట్టమన్నాడు బావమరిది.
పదిహేడో ఊపిరి దగ్గర
గ్యాసు బండ బుక్ చేయలేదని జ్ఞాపకం వచ్చింది.
ఇరవై నిమిషాలకోసారి అలారం పెట్టుకున్నాను.
అది ఎప్పుడు మోగుతుందా అన్నదే ఇక నా ధ్యాస.

దాలమ్మ పీట కిటికీ పక్కన.
ముప్పై ఏళ్లుగా ఒలుస్తోంది.
ఎడమచేతి రెండు వేళ్ల నడుమ పప్పు,
కుడిచేతిలో బొటనవేలంత కత్తి,
ఒక గీకు, ఒక తిప్పు,
ఎర్రపొర జారి పాలపన్ను లాంటి గుండు.
గట్టిగా పడితే బద్ద.
మెత్తగా పడితే పొర రాదు.
గుండుకొక రేటు, బద్దకొక రేటు.

"పిన్నీ, నీ మనసు ఎటూ పోదా?"

తలెత్తలేదు.
"ఎందుకు పోదు బావూ, సుబ్బరంగా పోతాది.
ఫలక్‌నుమా కూతేస్తే అదెక్కి పోతాది.
మంగలారం ఆస్పత్రికి పోతాది,
మా ఆయనకి రగతం కడిగే మిషను కాడికి.
నానేటి, కట్టీసి కూకోబెట్టగల్నా?"

మరెలాగ అన్నాను.

మోకాలి పక్కనున్న సత్తుగిన్నె ముందుకు తోసింది.
అడుగున ముక్కలు.
"అది పోయినప్పుడల్లా ఒకటి ఇరుగుతాది.
ఇదిగో, ఇది మంగలారంది.
ఇది మనవరాలి స్కూలు పీజు.
ఇదేటో గేపకం లేదు, ఒట్టినే పోయింది.
సాయంత్రం లెక్కెట్టుకుంతాను.
నిన్న ఇరవయ్యొకటి. ఇయ్యాల ఇప్పటికి పదాలుగు.
తిట్టుకుంతే ఏటొస్తాది,
తిట్టుకున్నంత సేపూ ఇంకో నాలుగు ఇరుగుతాయి.
ఇరిగింది గిన్నిలోకి,
తరవాతది సేతిలోకి."

ఇంటినుంచి పిడికెడు చింతపిక్కలు తెచ్చుకున్నాను.
మనసు జారిందని తెలిసినప్పుడల్లా
ఖాళీ అగ్గిపెట్టెలో ఒకటి వేస్తాను.
తొలిరోజు మధ్యాహ్నం టీకి ముందే
అగ్గిపెట్టె నిండిపోయింది.
షావుకారు తొంగిచూసి
"ఏటయ్యా, ఏ ఆట?" అన్నాడు.

ఇప్పుడు నెల దాటింది.
తగ్గాయనుకుంటే మర్నాడు పెరుగుతాయి.
జీతాల రోజున ముప్పై రెండు.
వాన పడ్డ రోజున లెక్కే మరిచిపోయాను,
రేకుల మీద చప్పుడు వింటూ.
దానికి పిక్క వేయాలో వద్దో
ఇప్పటికీ తేలలేదు నాకు.

మొన్న శనివారం
తవిటమ్మ అంకె మీద వేలు ఆనించి
పైకి చదివాను: ఆరు, ఒకటి. అరవై ఒకటి.
ఒకటో తరగతి పిల్లాడిలా చదువుతున్నానని
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
నవ్వనీ.

ఒకటి చెప్పడం మరిచాను.
ఆ రోజు దాలమ్మ పీట దగ్గర్నుంచి లేవబోతుంటే
గిన్నెలోంచి ఒక ముక్క ఏరి
నా అరచేతిలో పెట్టింది.
"తినీ బావూ.
ఇది నీ ఊసుల్లో ఇరిగింది."