ఎడమకు మూడడుగులు

బెప్పులో ఆవిరి వీధి మధ్యన నడుస్తుంది,
మనుషులే పక్కకి తప్పుకుంటారు.
మధ్యాహ్నం ఒక ఆట, రాత్రి ఒక ఆట.
నెల తిరగ్గానే లారీలో పెట్టెలు, ఇంకో ఊరు.
నాకు ఇరవై మూడేళ్ళు.
మేకప్ గదిలోనే పుట్టానంటుంది అమ్మ.
నిజం కాదు గానీ, దగ్గరే.

మెడ వెనక తెల్లరంగు పూస్తుంటే
ఒకప్పుడు చన్నీళ్ళు కుమ్మరించినట్టు ఉలిక్కిపడేవాణ్ణి.
ఈమధ్య గోడకి సున్నం వేసినట్టే.
ఆడవేషం నడక, విసనకర్ర, కన్నీరు.
కన్నీరు కూడా సరిగ్గా పాట మూడో చరణంలో,
కుళాయి తిప్పినట్టు.
ముందు వరస పెద్దామెలు
నా కిమోనో అంచుకి నోట్లు గుచ్చి
"ఇసుజూ!" అని కేకేస్తారు.
నేను వాళ్ళ తలల మీదుగా గోడగడియారం చూస్తాను.
మొక్కుబడి. ఇంకో మాట లేదు దీనికి.

మార్చి ఆఖరుకి మానేస్తానని నాన్నతో అనేశాను.
ఆయన కత్తి తుడుస్తున్నాడు.
చెక్క కత్తి, వెండికాగితం అంటించింది.
తుడుస్తూనే అన్నాడు,
"విగ్గులు ఎవరికి సరిపోతాయో చూడాలి."

ఆ రాత్రి జనం వెళ్ళిపోయాక
డోలు వాయించే ఆమె కొడుకు షింటా, ఏడేళ్ళవాడు,
ఖాళీ స్టేజీ మీద ఒక్కడే నా ఆఖరి నాట్యం చేస్తున్నాడు,
పొల్లు పోకుండా.
విసనకర్ర మూశాడు. వంగాడు.
లేచి, ఎడమకు మూడడుగులు వేసి
మళ్ళీ వంగాడు.
అక్కడున్నది మంటలార్పే ఎర్ర సిలిండర్.

"అదేంట్రా?"
"మీరు వేస్తారుగా."
"ఎప్పుడు?"
"రోజూ."
పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

నెలకో బడి నాకు. మొత్తం వంద దాటాయి.
ఒకటో తారీకున బోర్డు మీద నా పేరు రాసేవాళ్ళు,
ముప్పయ్యో తారీకున తుడిచేసేవాళ్ళు.
యమగాలో మాత్రం తుడవలేదు.
తమోత్సు డస్టర్ దాచేశాడు.
స్నానశాల బాయిలర్ మనిషి కొడుకు,
టికెట్ లేకుండా దూరి స్తంభం వెనక నక్కేవాడు.
"నువ్వు సగమే కనపడతావు" అనేవాడు,
"నిన్న చెయ్యి. ఇవాళ విగ్గు.
మొత్తం ఎప్పుడూ చూళ్ళేదు."

లారీ హారన్ కొడుతుంటే
చిటికెన వేలికి చిటికెన వేలు మెలేసి ఒట్టేశాను:
ఆట ఆఖర్న స్తంభం దాటి వస్తాను,
నీకు మొత్తం కనపడేదాకా.
"నేను లేని ఊళ్ళో కూడానా?"
"లేని ఊళ్ళో కూడా.
నువ్వెప్పుడు దూరతావో నాకేం తెలుసు?"

పద్నాలుగేళ్ళు.
వాడి ముఖం ఎప్పుడో చెరిగిపోయింది.
పేరు ఇప్పుడే, చెప్పులో రాయిలా తగిలింది.
నేను మరిచాను. కాళ్ళు మరవలేదు.
జ్వరం వచ్చిన రోజు,
హాల్లో పదకొండు మందే ఉన్న రోజు,
గడియారం మీద కన్నేసి ఉంచిన ప్రతి రోజు
వేస్తూనే ఉన్నాయి
ఎవరికో తెలీకుండా.

మొక్కుబడి అన్నాను కదా.
మొక్కు లేనిదే ఆ మాట పుట్టదని
ఇన్నాళ్ళూ తట్టలేదు.

"తప్పా? తీసెయ్యనా?" అన్నాడు షింటా.
"ఉంచు. మూడో అడుగు ఇంకాస్త సాగదియ్యి."
"ఎందుకు?"
"స్తంభం లావు."
వాడు సిలిండర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు,
అడుగు సాగదీశాడు.

మర్నాడు మధ్యాహ్నం
విగ్గుల సంగతి నాన్న ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
బ్రష్ మెడకి తగిలింది.
ఎంత చల్లగా ఉందో!

"కదలకు" అంది అమ్మ.