ఏడు సెకండ్లు

ఎర్రగుంట్లలో
నాపరాళ్ళ ఫ్యాక్టరీలకు తిరిగే సందు మొగదల
నాది జిరాక్సు అంగడి.
పొద్దున్నే అద్దం మింద రాతిదుమ్ము తుడిస్తే గానీ
ఎవరి మొగమూ కాగితం మింద పడదు.

సరిగా పడని ఆధార్ కాపీలు
ఒకప్పుడు బజ్జీల బండి దస్తగిరికి ఇచ్చేవాణ్ణి.
మిరపకాయ బజ్జీ కింద
ఎవరిదో పుట్టిన తేదీ నూనె పీల్చుకుంటా ఉండేది.
ఒకనాడు నా బజ్జీ కింద నా పెండ్లామే కనపడింది,
పన్నెండంకెలతో సహా.
ఆపొద్దు నుంచీ చింపి పారేస్తాండా.
నిలువునా ఒకసారి, అడ్డం ఒకసారి.
అంతకు మించి ఓపిక ల్యా.

మాపటికి అంగడి ముందర బెంచీ మింద సభ.
లారీల గంగులయ్య అంటాడు:
"ఫోను పక్కన పెట్టుకోని టైర్ల మాట ఎత్తితే చాలు,
రాత్రికి అందులో టైర్లే టైర్లు.
మన మాట ఎవడో వింటాండాడప్పా."
"విననీలే," అంటాడు బండల మేస్త్రి ఓబులేసు,
"ఇంట్లో ఎట్లా వినేవాళ్ళు ల్యారు."
నవ్వుతారు.
నవ్వు అయిపోయినాక
ఎవరో ఒకరు ఓటు మిషను సంగతి తీస్తారు.
గెలిచినోళ్ళు అది బంగారమంటారు.
ఓడినోళ్ళు దాని కడుపులో ఏదో ఉండాదంటారు.
ఐదేండ్లకు
వీళ్ళ మాట వాళ్ళ నోట్లోకి, వాళ్ళది వీళ్ళ నోట్లోకి.
మిషను మాత్రం
ఒక కూత కూసి ఊరకుంటుంది.

నా జిరాక్సు మిషన్లో కాగితం ఇరుక్కుంటే
మూత తెరిచి, మోచేతి దాకా పెట్టి, లాగుతా.
మూత తెరవనియ్యని దాన్ని ఎట్ల నమ్మాల
అని నేనూ అంటా.
అంటాంటే ఎవరూ నా మొగం తేరిపార చూడరు.

నా సొరుగులో ఒక రూళ్ళ నోటుబుక్కు ఉండాది.
సగం వీధి పిన్నులు, పాసువర్డులు
నా చేతిరాతలోనే.
"నాకు గుర్తుండదు నాయనా, నీ కాడే పెట్టుకో" అని
వాళ్ళే రాయించినారు.
ఒకసారి, ఇదే బెంచీ మింద, మాటల్లో మాటగా
కుట్టు మిషను సుబ్బలచ్చమ్మ ఖాతాలో ఎంతుండాదో
నోరు జారినా.
వారం తిరక్కముందే ఆమె మరిది
అప్పుకొచ్చి కూచున్నాడంట.
ఎవరు చెప్పినారో ఈపొద్దుకూ ఆమెకు తెల్దు.
"ఆ బ్యాంకు కంప్యూటరే చెప్పింటాది" అని
నా కాడికే వచ్చి పిన్ను మార్పించుకోని పోయింది.
కొత్తది గూడా నేనే రాసుకున్నా.

నిన్న మాబున్ని వచ్చింది.
ఇరవై ఏండ్లు బండలు నున్నగా చేసి చేసి
ఆమె బొటనవేలే నున్నగైపోయింది.
రేషన్ మిషను ఆమెను ఒప్పుకోదు.
నా కాడ గూడా పెట్టి చూసినాం.
కొంగుకు తుడిచి, తలకు రుద్ది, నోటితో ఊది.
ఎర్ర లైటు.
ఎడం చెయ్యి చూపుడు వేలి గోటి మింద
ఓట్లనాటి సిరా ఇంకా రవ్వంత మిగిలుండాది.
"చూసినావా," అన్నది,
"ఓటుకైతే వేలికి గీటు పెట్టి పంపుతారు.
బియ్యానికైతే గీతలు తెమ్మంటారు.
యాడినుంచి తేవాల?"

"ఓటు చీటీ కనపడిందా నీకు?" అడిగినా.
"కనపడింది. ఏడు సెకండ్లంట. గుర్తు చూసినా.
పెట్టెలో పడినాక అది యాడికి పోతాదో దేవునికెరుక.
ఆ ఏడు సెకండ్లూ మాత్రం
నేను నేనేనా అని ఎవరూ అడగల్యా."

దరఖాస్తు నింపినా.
కండ్లతో గుర్తు పట్టమని రాసినా.
ఫోను నంబరు కాడ ఆగితే
తడుముకోకుండా చెప్పింది:
"నీదే ఏసేయ్ నాయనా."

ఏసినా.
ఆమె సందు మలుపు తిరిగిందో లేదో
ఆమె ఓటీపీ
నా జేబులో మోగింది.