రెండో రుద్దు

నాకు చెప్పింది ఒక్కటే ముక్క:
"బల్ల మీదున్నది మరీ కొత్తగా ఉంది, కాస్త పాతబరచు."

ప్రాగ్ శివార్లలో, ఒకప్పుడు ట్రాములు బాగుచేసిన షెడ్డు.
అందులో అట్టలతో రాజమందిరం,
స్పాంజితో అద్దిన పాలరాయి,
ఉప్పూ కాగితప్పొట్టూ కలిపి కిటికీల మీద మంచు.
అబద్ధాలన్నీ నా చేతి పనే.
టీ డికాక్షన్‌తో ఉత్తరాలకు వందేళ్ళు,
ఇనప బ్రష్షుతో తలుపుకు రెండొందలు.
పన్నెండేళ్ళుగా కాలాన్ని
గంటకింత అని పూస్తున్నవాణ్ణి.

బల్ల మీద రెండు వయోలాలు.
ఒకటి మా వడ్రంగి యారొమీర్ ప్లైవుడ్డుతో చేసింది.
మసి పట్టించి, గీతలు పెట్టి,
తాతల నాటిదనిపించేలా తయారుచేశాను.
రెండోది తేనెరంగులో,
ఇప్పుడే చొక్కాకి తుడిచిన యాపిల్‌లా
నిగనిగలాడుతోంది.
క్లోజప్‌కి అసలుదే కావాలని
దర్శకుడు పట్టుబట్టాడట.
దాన్ని ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చిన
మ్యూజియం ఆవిడ బ్లజేనా
పక్క గదిలో సంతకాలు పెడుతోంది.
నాకెవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.
ఈ రెంటిలో ఏది ముందు రాయాలో
ఇప్పటికీ తేలదు నాకు.

స్పిరిట్లో ముంచిన గుడ్డ.
ఒక రుద్దు.
రెండో రుద్దుకి
గుడ్డకి రంగంటింది,
నేనింకా ఏ రంగూ వేయకముందే.
వేడి రొట్టె మీద వెన్నలా
ఆ నిగనిగ నా వేళ్ళకింద జారింది.
గుప్పున వాసన:
పైన్ బంక, మైనం, ఇంకా ఏదో,
ఎవరి వంటింట్లోనో
ఎప్పుడో మూతపెట్టి మరిచిపోయినది.

ఆవిడ అరవలేదు.
హీరో పేరు రాసున్న కుర్చీలో కూలబడి
"ఏ చేత్తో?" అంది.
కుడిచెయ్యి చూపించాను,
బడిలో బెత్తం దెబ్బకి చాపినట్టు.
దాన్ని పట్టుకుని, నా బొటనవేలిని
వయోలా మెడ పక్కన, భుజం మీద ఆనించింది.
"ఇక్కడ ఒక పల్లం ఉండేది.
పట్టి చూస్తే తప్ప తెలియనంత.
మొదట ఒక గడియారాల మరమ్మతువాడు,
తర్వాత అతని చెల్లెలు,
ఆపైన పేరు తెలియని ఎడమచేతి వాటం మనిషి,
యుద్ధంలో ఒక నర్సు.
అందరి వేళ్ళూ ఇక్కడే ఆగేవి.
దాని అంచు మీదే రుద్దావు."

లైట్ల వేడి గురించి ఆమెకి భయం ఉందట,
హీరో ఉంగరం గురించి, ఉప్పు మంచు గురించి,
కేబుళ్ళు తట్టుకుని పడే కుర్రాళ్ళ గురించి.
నాలుగు పేజీల జాబితా రాసుకొచ్చింది.
గుడ్డ అందులో లేదు.

బీమా వాళ్ళు టేపు పెట్టి కొలిచారు.
పదకొండు సెంటీమీటర్ల పొడవు, నాలుగు వెడల్పు.
అంకె ఒకటి వేశారు, డబ్బూ కట్టారు.
దర్శకుడు పూలగుత్తి పంపాడు.
షూటింగు యారొమీర్ ప్లైవుడ్డుతోనే అయింది.
కెమెరాకి అదే ఎక్కువ పాతగా కనబడింది,
అందరూ ఒప్పుకున్నారు.
సినిమాలో అది మూడు సెకన్లు ఉంటుంది,
కొవ్వొత్తి వెనకాల, మసకగా.

నా మీద కేసు లేదు. పని పోలేదు.
మొన్న ఆదివారం మ్యూజియానికి వెళ్ళాను.
అద్దాల పెట్టెలో, సన్నటి దీపం కింద ఉంది.
కాగితం మీద ఏడాది, చెక్క, చేసిన ఊరు.
మచ్చ గోడవైపు తిప్పి పెట్టారు.
పక్కకి వంగి, మెడ సాచి చూశాను.
తెలియకుండానే నా బొటనవేలు
అద్దం మీద ఆనింది.

కాపలా ముసలాయన విసుక్కుంటూ వచ్చాడు,
జేబులోంచి తడిగుడ్డ తీసి
నా వేలిముద్ర మీద ఒక రుద్దు రుద్దాడు.
రెండోసారి చెయ్యి ఎత్తేలోగా
మణికట్టు పట్టుకుని అడిగాను:
అవి ఉత్త నీళ్ళేనా?