ఎర్రదీపం

జ్ఞానాపురం రైలుగేటు అవతల, రేకుల షెడ్డులో
బానెట్ ఎత్తుకుని నోరు తెరిచి ఉంది
సరంగు మస్తాన్‌వలీ గారి ల్యాండ్‌మాస్టర్.
హుద్‌హుద్ నాడు మీదపడ్డ కొబ్బరిమట్టలు తీశారు గానీ
ఆ తర్వాత దాన్ని స్టార్ట్ చేసినవాడు లేడు.
టగ్గు తాడు ఎంత బిగిసినా ముడి విప్పగలను,
ఈ తీగల చిక్కు నావల్ల కాదన్నాడాయన,
తాళాలు మేస్త్రి అరచేతిలో పెట్టి.

బెనెడిక్ట్ మేస్త్రికి రెండు కళ్ళలోనూ శుక్లాలు.
ఆపరేషన్ వచ్చే నెలే. మూడేళ్ళుగా వచ్చే నెలే.
అందుకని వేళ్ళు ఆయనవి, చూపు నాది.

"రంగు చెప్పవే, ఎస్తేరూ."
"గోధుమరంగు. మీద పసుపు గీత."
"డైనమోది. తర్వాత?"
"ఇదీ గోధుమే. మీద ఆకుపచ్చ గీత...
కాదు మేస్త్రీ, గీత కాదు. చిలుము."

ఈ ఊళ్ళో రాగికి అదే రోగం.
సముద్రం ఎక్కడో హార్బరు దగ్గర ఉందనుకుంటాం.
అది గాల్లో నడిచొచ్చి
గుడ్డచుట్టిన తీగలోకి దూరి కూర్చుంటుంది.
పళ్ళతో ఒలిస్తే ఉప్పగా తగిలింది.
పళ్ళతో ఒలవొద్దని ఎన్నిసార్లు తిట్టాడో.

పాత ఫ్యూజు పెట్టెకి రెండే గదులు.
ఒకదాంట్లో గాజుగొట్టం.
రెండోదాంట్లో ఎవడో
సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి కుక్కాడు.
దాని వెనక మూరెడు తీగ బొగ్గు.
మేస్త్రి ఆ కాగితాన్ని కంటికి ఆనించుకుని చూశాడు.
"ముందు కాలాల్సినదాన్ని
కాలకుండా చేసేస్తే,
ఇల్లు కాలిపోద్ది."
ఆయన ఎడంచేతి మీది మచ్చ సంగతి
నేనెప్పుడూ అడగలేదు. ఆవేళా అడగలేదు.

పూర్ణా మార్కెట్టు నుంచి కొత్త తీగ వచ్చింది.
మూడు రోజులు కోశాం, అతికాం,
టంకం పొగ జుట్టుకి పట్టి ఇంట్లో అమ్మ ముక్కు మూసుకుంది.
కొత్త పెట్టెకి ఎనిమిది గదులు.
హెడ్‌లైట్లు, హారన్, వైపరు, వెనకదీపాలు...
ఒకటి ఖాళీగా మిగిలింది.
"ఉండనీ. సరంగుకి రేడియో పిచ్చి."

బ్యాటరీ బిగించాక కూడా తాళం తిప్పనివ్వలేదు.
"దీనికి బాడీయే ప్లస్సు, ఇప్పటి బళ్ళకి తిరగేసి.
ఇన్నేళ్ళు పడుకున్న డైనమోకి
ఏ దిక్కు ఏదో గుర్తుండదు. ఓసారి చెప్పాల."
తీగ కొనని ఎఫ్ దగ్గర
ఇలా తాకించి అలా తీశాడు.
మెంతిగింజంత నిప్పు.
అది ఆయనకీ కనపడింది.

మూడోసారికి దగ్గింది. నాలుగోసారికి అందుకుంది.
డాష్‌బోర్డు మీద ఎర్రదీపం మాత్రం
మొండిగా వెలుగుతూనే ఉంది.
"ఉందా?"
"ఉంది."
"కొంచెం తొక్కు."
తొక్కాను. అప్పుడే ఖనిజం వ్యాగన్లు గేటు దాటుతూ
షెడ్డు రేకుల్ని ఒణికించాయి.
ఇంజనేదో రైలేదో తెలీలేదు.
దీపం మసకబారి, మళ్ళీ లేచి, తడబడి...

"ఎస్తేరూ, ఉందా?"

"నేదు," అన్నాను. "నేదు మేస్త్రీ!"

ఆయన వంగి మడ్‌గార్డు మీద అరచెయ్యి వేశాడు,
ఆ ఒణుకు చేతికెక్కేదాకా తియ్యలేదు.
రైలు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఇద్దరం చూడలేదు.