తోకమాట

మస్తాన్‌బీ టీచరుకు ఇరవై రెండేళ్లు.
మాలో అందరికన్నా చిన్నదానికి ముప్పై నాలుగు.
మార్కాపురం, తర్లుపాడు రోడ్డు, టైలరు కొట్టు మీద గది.
రాత్రి ఎనిమిదికి మొదలు.
కరెంటు పోతే ఆ రోజుకంతే.

పలకలకు మాకేం కొదవ?
అంచు విరిగినవి, నెర్రె పడ్డవి
ఫ్యాక్టరీ వెనక కుప్పలోంచి ఏరి తెచ్చుకుంటాం.
ఇరవయ్యేళ్లుగా చెక్క చట్రాలు బిగిస్తున్న చేతులు
మొదటిసారి పలక మీద రాశాయి.
బలపం కిర్రుమంటే
ఒళ్లు జలదరించి, సిగ్గుపడి,
అందరం ఒక్కసారే నవ్వాం.

ఆ రోజు పాఠం లెస్.
"ఇది తోక. ఏ మాటకు తగిలిస్తే
అది లేకుండా పోద్ది" అంది టీచరు.
హోమ్‌లెస్, ఇల్లు లేని.
జాబ్‌లెస్, పని లేని.
ఇందులో నేర్చుకునేదేముంది?
లేనివాటి లెక్క మాకు నోటికొచ్చు.

నాగూరమ్మ ఊరుకోలేదు.
"కేర్‌లెస్ అంటే
పట్టించుకునే దిక్కు లేనోళ్లా?"
"కాదు, పట్టించుకోనోళ్లు."
"ఇల్లు లేనిది మనకు గదా.
మరి ఈ కేర్ లేనిది ఎవరికి?"
టీచరు కొంచెం ఆగి
"షావుకారుకి" అంది.

ప్రైస్‌లెస్ దగ్గర నాకు తప్పు పడింది.
ధర లేనిది, ఎవరూ కొననిది, అని రాశా,
మూడేళ్లుగా గోడౌన్‌లో దుమ్ము తింటున్న
పలకల కట్టల్ని తలుచుకుని.
టీచరు అడ్డంగా కొట్టేసింది.
"ధర కట్టలేనంత గొప్పది" అంది.
ధర లేకపోతే గొప్పదెట్టా అవుద్దని
ఇంటిదాకా గొణుక్కుంటానే నడిచా.
పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు తట్టింది,
మన మాటా అంతే గదా!
విలువ లేనిది ఊడ్చి పారేస్తాం,
వెల లేనిది పెట్టె అడుగున దాస్తాం.
ఆకాశంలో లెక్కలేనన్ని చుక్కలంటాం,
వాడికి మనమంటే లెక్కలేదంటాం.
లెక్క ఒకటే.
ఎవరు వేస్తున్నారో దాన్నిబట్టి మారుద్ది.

మర్నాడు బోర్డు మీద
రూత్‌లెస్ అని రాసింది.
రాసి, తనే ఆగిపోయింది.
మేమంతా కిటికీ పక్క చాప వైపు చూశాం.

రూతమ్మ మా అందరికన్నా ముందు చేరింది.
రాయి కోసే మిషను దగ్గర పదహారేళ్ల పని.
దగ్గుకీ దగ్గుకీ మధ్య
ఏ నుంచి ఎల్ దాకా చెప్పేది.
ఎమ్ దగ్గర ఊపిరి తీసుకునేది.
ఆగస్టు నుంచి ఆ చాప ఖాళీ.

"మన రూతమ్మ కాదు" అంది టీచరు మెల్లగా.
"రూత్ అంటే కనికరం.
వెనకటి మాట.
ఇప్పుడెవరూ ఒట్టిగా వాడరు.
మాట పోయింది, తోకతోనే మిగిలింది.
కనికరం లేని, అని."

"అంటే
లేదని చెప్పడానికి తప్ప
ఆమెను పిలవరా?"
ఆమె అనే అడిగింది నాగూరమ్మ.
ఎవరం దిద్దలేదు.

తర్వాతి మాట బ్రెత్‌లెస్.
పుస్తకంలో ఉంది, నేను చూశా.
టీచరు పేజీ తిప్పేసింది.

నేను నా పలక మీద
రూత్ అని రాసి ఆపేశా.
పక్కన చోటుంది.
తోక పెట్టబుద్ధి కాలేదు.

పొద్దున ఆ పలకను పైటచెంగులో చుట్టి
పనికి తీసుకుపోయా.
మూల విరిగింది నిజమే,
చట్రంలో కూర్చుంటే కనపడదు.
నాలుగు మేకులు.
మంచివాటి మధ్యన పెట్టి
కట్ట కట్టేశా.
సూపర్‌వైజరు తిరగేసి చూడలేదు,
కేర్‌లెస్ మనిషి.

లారీ మధ్యాహ్నం పోయింది.
ఏ ఊరి బడికో తెలీదు.
అక్కడ ఎవరో ఒక పిల్ల
అ రాసుకోబోయే ముందు
ఎంగిలి చేత్తో తుడిచేస్తది.
తుడవనీ.
తుడిచే ముందు
ఏందిది అని ఒక్కసారి
చూడకపోద్దా.