టేపు మొదటి కొస

"చూసిన వెంటనే బ్రేకు తొక్కాను" అన్నాను.
కానిస్టేబుల్ స్వార్ట్‌బోయ్ రాసుకోలేదు.
టేపు కొస నా చేతికిచ్చి
"వెంటనే అంటే ఎన్ని మీటర్లు?" అంది.

మాల్తాహోహె దాటాక కంకర రోడ్డు.
నా టైర్లు దున్నిన రెండు చాళ్లు,
వాటి చివర విరిగిన బండి చక్రం,
పక్కన గోనెపట్టా కింద ఫాల్కీ.
నక్కలు రాకుండా పెట్రస్ తాత మనవడు
రాత్రంతా దానికి కాపలా కూర్చున్నాడట.
తాతను చెయ్యి కట్టి రాత్రే ఆస్పత్రికి పంపారు.

చాళ్లు యాభై అయిదు మీటర్లు.
అవి మొదలైన చోట నేను ఆగాను.
ఆమె ఆగలేదు.
గుర్తులేమీ లేని నేల మీద
ఇంకా వెనక్కి నడిచింది,
జారిపోయిన చెవికమ్మ వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని.
ఇరవై అయిదు మీటర్లు పోయాక
ఒక తెల్లరాయి పెట్టింది.
"నువ్వు చూసింది ఇక్కడ.
కంటి కబురు కాలికి చేరడానికి ఒక సెకను.
ఆ సెకను మట్టి మీద పడదు."

గంటకు తొంభై. నేనే ఒప్పుకున్నాను.
పికప్ బానెట్ మీద కాగితం పరిచి లెక్క వేసింది.
ఇరవై అయిదు ఊరికే పోయాయి,
ఆ తర్వాత ఆగడానికి అరవై నాలుగు కావాలి,
బండి ఉన్నది ఎనభైలో.
తొమ్మిది మీటర్లు అప్పు.

"ఎనభై మీద వచ్చుంటే?"
అడగకుండా ఉండాల్సింది.
పెన్సిలు కొరుకుతూ మళ్లీ వేసింది.
వేగాన్ని వేగంతోనే హెచ్చవేస్తారట,
అందుకే కాస్త తగ్గిస్తే చాలా కలిసొస్తుందట.
"ఏడు మీటర్ల ఇవతలే ఆగేవాడివి.
దిగి, తాతకు పొగాకు ఇచ్చి,
రెండు మాటలు తిట్టించుకునేంత జాగా."

నెల తర్వాత పిండి బస్తా మోసుకుని
తాత ఇంటికి వెళ్లాను.
చేతికి ఇంకా కట్టు ఉంది.
వేగం అడగలేదు. బ్రేకుల సంగతి అడగలేదు.
"ఆ సెకనులో ఏం చూశావు?" అన్నాడు.

చెప్పాను:
పొద్దు వాలుతోంది. దుమ్ము ఎర్రగా లేస్తోంది.
ఫాల్కీ తల తిప్పలేదు.
చెవులు రెండూ మాత్రం
నా వైపు తిరిగి ఉన్నాయి.

తాత ఒంటిచేత్తో పొగాకు నలుపుతూ
చాలాసేపు ఉండిపోయాడు.
"అయితే అది విన్నదన్నమాట," అన్నాడు,
"నీకంటే ముందే."